గుర్రానికి లీజర్ పీరియడ్

ఆ రోజుల్లో కంప్యూటర్ ముందుకు రావాలంటే జనం చెప్పులు విడిచేవాళ్లు. హిందూపురంలో చింతపండు మండీ పైన, ఇరుకు మెట్లెక్కితే వచ్చే ఒంటిగదిలో మా కంప్యూటర్ సెంటర్ ఉండేది. కింద గోనెసంచుల నిండా చింతపండు, పైన ఏసీ గదిలో మూడు కంప్యూటర్లు. ఆ ఏసీ ఎంత మోగినా గదిలోంచి పులుపు వాసన మాత్రం పోయేది కాదు. దుమ్ము పడితే మిషన్లు చెడిపోతాయని మా ఓనరు చెప్పుల నియమం పెట్టాడు గానీ, వచ్చినవాళ్లు దాన్ని భక్తిగానే పాటించేవాళ్లు. కొందరైతే చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు. ఆ భక్తిలో కొంత వాటా నాకూ దక్కేది. డిగ్రీ అయ్యి ఏడాది తిరగలేదు, మీసం ఇంకా మొలవాలా వద్దా అని ఆలోచిస్తోంది, అయినా ఊళ్లో నన్ను 'కంప్యూటర్ సార్' అనేవాళ్లు. (నాకు వచ్చిందల్లా ఆరు నెలల కోర్సు. ఆ కోర్సునే తిప్పి చెప్పడం నా ఉద్యోగం. అంటే నేను నా శిష్యులకంటే సరిగ్గా ఆరు నెలలు పెద్ద పండితుణ్ణి.) మా నాయన పిండిమిల్లుకు వచ్చినవాళ్లందరికీ "మావోడు మిషన్‌తో మాట్లాడతాడప్పా, అది వీనికి జవాబు చెప్తాది" అని చెప్పుకునేవాడు. జవాబు చెప్పే మాట నిజమే. అందులో సగం నాకు అర్థమయ్యేది కాదన్న సంగతి మాత్రం నాయనకు చెప్పలేదు.

అట్లా వెలిగిపోతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం నలుగురు డ్రిల్ మాస్టార్లు వరుసగా మెట్లెక్కి వచ్చి, నాలుగు జతల కాన్వాస్ బూట్లు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చారు. ముందున్నది నాకు చదువు చెప్పిన స్కూల్లో డ్రిల్ మాస్టారు. ఆయన అసలు పేరు మాలో ఎవరికీ తెలియదు, మెడలో విజిల్ లేకుండా ఎవరూ చూడలేదు కాబట్టి విజిల్ సార్. మిగతా ముగ్గురు పెనుకొండ, ధర్మవరం, మడకశిర స్కూళ్ల మాస్టార్లు. నలుగురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదని వాళ్లు కూర్చున్న తీరులోనే తెలిసింది. వాళ్ల వెనకాల మా పాత హెడ్‌మాస్టరు పెద్దసారు కూడా వచ్చాడు, పెద్దమనిషిగా.

గొడవ ఏమిటంటే, ఆ ఏడు నాలుగు ఊళ్ల ఆడపిల్లల జిమ్నాస్టిక్స్ పోటీ మా స్కూల్లో జరగాలి. అందులో నాలుగు ఐటెమ్‌లుంటాయి. తోలు గుర్రం ఒకటి, దాన్ని పిల్లలు పరిగెత్తుకొచ్చి దూకాలి. ఎత్తూ పల్లంగా రెండు కడ్డీలు, వాటి మీద వేలాడి తిరగాలి. బీమ్ అనే దూలం, జానెడు కూడా వెడల్పు లేని దాని మీద నడవాలి, ఎగరాలి, తిరగాలి. నాలుగోది ఫ్లోర్, అంటే పరుపులు పరిచి వేసే పిల్లిమొగ్గలు. ప్రతి టీమూ నాలుగు ఐటెమ్‌లూ చెయ్యాలి. ఎవరు ముందు దేని దగ్గర మొదలుపెట్టాలి అన్నదే తంటా. పొద్దున్నే కాళ్లు సాగకముందు బీమ్ ఎక్కితే పడిపోతారని మా వైపు డ్రిల్ మాస్టార్లందరికీ గట్టి నమ్మకం. అందుకని మొదట బీమ్ ఎవరికీ వద్దు. ఇరవై ఏళ్లుగా విజిల్ సార్ తన టోపీలో నాలుగు చీట్లు వేసి తీయించేవాడు. పోయిన ఏడు మడకశిర వాళ్లకి బీమ్ చీటీ వచ్చింది, వాళ్ల పిల్లలు ముగ్గురు పడ్డారు. "నీ టోపీలో చీట్లు నీ మాటే ఇంటాయప్పా" అన్నాడు మడకశిర మాస్టారు. అంతే, ఇరవై ఏళ్ల స్నేహం ఆ టోపీలోనే ముగిసింది.

"కంప్యూటర్‌కి ఊరు లేదు, కులం లేదు, బామ్మర్ది లేడు. ఈ వరస దాంతో ఏయించుదాం. అది ఎట్ల చెప్తే అట్ల" అన్నాడు పెద్దసారు. మూడు తలకాయలు సరేనని ఊగాయి. విజిల్ సార్ మాత్రం నావైపు కాస్త జాలిగా చూసి, "నాలుగు టీములు, నాలుగు ఐటెమ్‌లు. దీనికి మిషన్ యాల నాయనా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు అప్పుడే దణ్ణం పెట్టి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ నేను కంప్యూటర్ సార్‌ని కదా. కుర్చీలో వెనక్కి వాలి (ఆ కుర్చీ తిరిగేది కూడా), "సార్, మీకు చూసేదానికి సులువుగా ఉంటుంది. లోపల చాలా ఉంటుంది. దీన్ని ఆప్టిమైజేషన్ అంటారు" అన్నాను. ఆ మాట నేను అంతకు వారం ముందు ఒక పుస్తకం వెనక అట్ట మీద చూశాను. విజిల్ సార్ తల ఊపి బూట్లు తొడుక్కున్నాడు.

నా దగ్గర ఒక సీడీ ఉండేది. కంప్యూటర్ పత్రికతో పాటు ఉచితంగా వచ్చింది. అందులో టైంటేబుల్ వేసే సాఫ్ట్‌వేర్. అయితే అది స్కూళ్ల కోసం చేసింది. టీచర్లెవరు, క్లాసులేవి, పీరియడ్లెన్ని అని అడుగుతుంది, తనే సర్ది ఇస్తుంది. జిమ్నాస్టిక్స్ అన్న మాటే దానికి తెలియదు. అయితే ఏం, బుర్ర నాది కదా అనుకున్నాను. టీములను క్లాసులు చేశాను. ఐటెమ్‌లను టీచర్లు చేశాను. గుర్రం సార్, కడ్డీల సార్, బీమ్ మేడం, ఫ్లోర్ మేడం. ఒక్కో క్లాసు నలుగురు టీచర్ల దగ్గరా ఒక్కో పీరియడ్ కూర్చుంటే పని అయిపోయె. ఆ రాత్రి నా తెలివికి నాకే ముచ్చటేసి అన్నం కూడా సరిగ్గా తినలేదు. మా అవ్వ దిష్టి తగిలిందేమో అని ఉప్పు తిప్పింది.

మరుసటి రోజు సాఫ్ట్‌వేర్ నన్ను ప్రశ్నలు అడిగింది. ఏ టీచరైనా రోజూ ఆలస్యంగా వస్తారా? నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. బీమ్ మేడం రోజూ ఆలస్యంగా వస్తుందని కొట్టాను, మొదటి పీరియడ్ ఆమెకు ఉండదు. ఇక ఏ ఊరికీ మొదట బీమ్ రాదు, ఏడాది గొడవ ఒక్క బొత్తాంతో మాయం. తరవాత, ఒక టీచర్‌తో వరుసగా ఎన్ని పీరియడ్లు చెప్పించవచ్చు అని అడిగింది. రెండు అని అదే రాసిపెట్టింది, మంచిదే కదా, పాపం టీచర్లు అని నేనూ ఒప్పుకున్నాను. నేను ఒప్పుకున్నది తోలు గుర్రం గురించీ దూలం గురించీ అన్న సంగతి ఆ క్షణంలో నా బుర్రకి తట్టలేదు. మా ఇంట్లో ఎవరూ టీచర్లు కారు, అందుకే టీచర్లంటే నాకు అంత జాలి అనుకుంటాను.

ప్రింటర్ కర్రుకర్రుమని నాలుగు కాపీలు కక్కింది. అంచుల్లో చిల్లులున్న ఆ పొడుగు కాగితం చూస్తేనే జనానికి గౌరవం. నాలుగు టీములూ నాలుగు చోట్ల ఒకేసారి మొదలుపెట్టి, చోట్లు మారుతూ నాలుగు విడతల్లో అయిపోవలసిన పోటీ ఎనిమిది పీరియడ్లయింది. పొద్దున పదిన్నరకు మొదలు, మధ్యలో భోజనం, మూడుంబావుకు ముగింపు. మధ్యమధ్యలో గళ్లలో 'లీజర్' అని ఉంది, అంటే టీచర్లు ఊపిరి తీసుకునే ఖాళీ పీరియడ్. గుర్రానికి లీజర్. కడ్డీలకు లీజర్. మాస్టార్లు ముగ్గురూ ఆ లీజర్ల జోలికే పోలేదు, మొదటి వరుసలో తమ ఊరి పేరు పక్కన బీమ్ లేదని చూసుకుని ఒకరికొకరు చేతులు కలుపుకున్నారు. విజిల్ సార్ కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని, "గుర్రానికి లీజర్ ఏంది నాయనా?" అన్నాడు. "అది లోపలి లెక్క సార్" అన్నాను. (తెలియని ప్రతిదానికీ అప్పట్లో నేను ఇచ్చే జవాబు అదే. పెళ్లయ్యాక మా ఆవిడ దగ్గర ఒక్కసారి వాడి చూశాను, పనిచేయలేదు.)

పోటీ రోజు కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టి ఆటోలో స్కూలుకు తెచ్చాం. రేకుల హాల్లో పెద్దసారు టేబుల్ మీద దాన్ని నిలబెట్టి, పక్కన ప్రింటర్, కింద యూపీఎస్. తెర నావైపు, దాని వీపు పెద్దసారు వైపు, జనం వైపు. నేను తెల్లచొక్కా ఇన్‌షర్ట్ చేసి కూర్చున్నాను. అప్పుడే ఒక మనిషి వచ్చి టేబుల్ ముందర నిలబడ్డాడు. పంచె, భుజాన తువ్వాలు, వేళ్లకు పట్టుదారం కోసిన గీతలు. ధర్మవరంలో మగ్గం నేసే మనిషి. ఆయన బిడ్డ ధర్మవరం టీములో ఉంది, తొమ్మిదో క్లాసు. నేను ఆయనకు మనసులోనే మగ్గమన్న అని పేరు పెట్టేశాను.

"ఏమప్పా సారూ, యాపొద్దుకు అయిపోతాది?"

"మూడుంబావుకన్నా. ఇదిగో, ప్రింట్‌లో ఉంది."

"నాలుగూ పది ప్యాసింజర్‌కి మేము పోవల్ల. వాళ్ల అవ్వకి ఈ ఎగిరేది దూకేది ఇష్టం ల్యా. దీపాలు పెట్టే యాలకి పిల్లను ఇంటికి తెస్తానని ఒట్టేసి వచ్చినా. బస్సంటే పెనుకొండలో మారల్ల, పొద్దుపోతాది. ఆ బండి తప్పితే ఇంగ ఈ పాపకి ఆటలు లేవు. నేనే మాన్పిస్తా. ఒట్టంటే ఒట్టే."

పాప ఆయన వెనక నిలబడి రెండు జడల కొసలు వేళ్లకు చుట్టుకుంటోంది. మొదటి ఇద్దరు పిల్లలు రాష్ట్ర పోటీలకు పోతారు, నాలుగు ఐటెమ్‌ల మార్కులూ కలిపి చూస్తారు. ఒక్కటి తగ్గినా లేనట్టే. ఆ పిల్ల రోజూ మగ్గం గుంట పక్కన గోడకు కాళ్లు ఆనించి చేతుల మీద నిలబడటం ప్రాక్టీసు చేస్తుందని వాళ్ల మాస్టారు అప్పటికే నాకు చెప్పాడు. "భయపడొద్దన్నా, కంప్యూటర్ రాసిచ్చింది" అన్నాను. ఆయన కాగితానికి ఒక దణ్ణం పెట్టి వెళ్లి గడియారం కింద గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

మూడుంబావు అని రాసినప్పుడు నేను ముఖ్య అతిథిని లెక్కలో వేసుకోలేదు. సాఫ్ట్‌వేర్‌లో ముఖ్య అతిథికి గడి లేదు. ఆయన గంట ఆలస్యంగా వచ్చి, తను చిన్నప్పుడు చెరువుగట్టు మీద పరిగెత్తిన సంగతులు చెప్పి, టెంకాయ తెమ్మన్నాడు. పోటీలకు కంప్యూటర్ వచ్చిందని తెలిసి దానికి పూజ చేస్తానన్నాడు. తెర మీద కుంకుమ బొట్టు పెట్టాడు. టెంకాయ నీళ్లు కీబోర్డు మీద చిందాయి, నేను ఇన్‌షర్ట్ పీకి చొక్కాతో తుడిచాను. దండ ఒకటి ఎక్కువయింది, అది గుర్రానికి వేశారు. పదిన్నరకు మొదలుకావలసింది పదకొండున్నరకు మొదలైంది. మగ్గమన్న వేళ్ల మీద ఏదో లెక్క పెట్టుకున్నాడు. నేను పెట్టుకోలేదు.

మొదటి పీరియడ్ బాగానే గడిచింది. మూడో పీరియడ్‌లో గుర్రానికి లీజర్ వచ్చింది. పెనుకొండ టీమ్ ఖాళీగా ఉంది, గుర్రం ఖాళీగా ఉంది. పెనుకొండ మాస్టారు పిల్లల్ని గుర్రం దగ్గరికి తీసుకుపోబోతే పెద్దసారు పరిగెత్తాడు. "ఆగప్పా! ఇప్పుడు దానికి లీజర్ రాసినారు. ఎవరూ తాకగూడదు." అటెండర్‌ను గుర్రం పక్కన కాపలా పెట్టాడు. అరగంట సేపు హాలంతా ఒక తోలు గుర్రం విశ్రాంతి తీసుకోవడం చూసింది. మెడలో దండతో, నాలుగు కాళ్ల మీద, ఎవరి మాటా పట్టకుండా. దాని మొహంలో (మొహం లేదు గానీ) నాకైతే కొంచెం గర్వం కూడా కనిపించింది. ఒక్కరంటే ఒక్కరు ఇదేంది అని అడగలేదు. లెక్చరర్లున్నారు, జడ్జీలుగా వచ్చిన నలుగురు టీచరమ్మలున్నారు, ఊరి పెద్దలున్నారు. చేత్తో రాసిన కాగితమైతే చించి మొహాన కొట్టేవాళ్లే. చిల్లుల అంచు కాగితం కాబట్టి అందరూ చేతులు కట్టుకుని చూశారు. గడియారం కిందినుంచి మగ్గమన్న ఒక్కడే గొంతు పెంచాడు, "ఆ తోలు గుర్రం ఏం పనిచేసి అలిసిపొయ్యిందప్పా? మగ్గానికి కూడా మేము ఇంత రెస్టు ఇయ్యమే!" పిల్లలు నవ్వారు. పెద్దసారు ఉష్షన్నాడు. నేను తెరలోకి తల దూర్చాను.

భోజనాల తరవాత ఐదో పీరియడ్ చివర్లో పెనుకొండ పిల్ల బీమ్ మీంచి దిగుతుండగా దూలం ఒక కాలు ఊడి పక్కకు ఒరిగింది. పిల్లకేమీ కాలేదు. వడ్రంగి ఆచారికి కబురు పోయింది. తరవాతి పీరియడ్‌లో బీమ్ ధర్మవరానిది. అందరూ నా టేబుల్ చుట్టూ మూగారు. ఇదే నా ఘడియ అనుకున్నాను. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఇంకో సదుపాయం ఉంది, టీచర్ సెలవు పెడితే ఆ క్లాసుకు ఎవరిని పంపాలో అదే చెబుతుంది. బీమ్ మేడం ఈ రోజు సెలవు అని కొట్టాను. రెండు నిమిషాలు గిరగిరా తిరిగి, ధర్మవరం క్లాసుకు బదులుగా గుర్రం సార్ వెళ్తారని ప్రింట్ ఇచ్చింది. అంతలోనే కరెంటు పోయింది, యూపీఎస్ కాసేపు కీచుకీచుమని అదీ కన్ను మూసింది. కాగితం మాత్రం చేతిలో ఉంది.

ధర్మవరం పిల్లలు పొద్దున దూకిన గుర్రాన్నే మళ్లీ దూకడం మొదలుపెట్టారు. పది నిమిషాలకే ఆచారి వచ్చి, కొయ్యముక్క పెట్టి నాలుగు మేకులు దిగ్గొట్టి, తను ఎక్కి నిలబడి చూపించి, "ఏనుగెక్కినా ఊడదు" అని వెళ్లిపోయాడు. బీమ్ రాయిలా నిలబడి ఉంది. కానీ కాగితంలో దానికి రోజంతా సెలవు. సెలవు పెట్టిన మేడం మధ్యాహ్నం తిరిగి వస్తుందని ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. అప్పుడు ఆ జడల పాప నా టేబుల్ దగ్గరికి వచ్చింది. చేతులకు సుద్దపొడి, చెంప మీద కూడా సుద్దే.

"సార్, గుర్రం నేను పొద్దున్నే దూకినా. మార్కులు కూడా ఏసినారు. నాకు బీమ్ కావల్ల సార్."

"అది సబ్‌స్టిట్యూషన్ పాపా" అన్నాను.

ఈ మాట ఇప్పుడు రాస్తుంటే చెవులు మండుతున్నాయి. ఏడ్వబోతున్న పిల్లతో అనవలసిన మాటా అది? పిల్ల ఏడవలేదు. తల తిప్పి గడియారం వైపు చూసింది. గడియారాన్ని కాదు, దాని కింద ఉన్న నాయన్ని. అప్పటికి మూడుంబావు. కాగితం ప్రకారం ఇంకా రెండు పీరియడ్లున్నాయి, నాలుగుంబావు దాకా. వాటిలో ఒకదాంట్లో గుర్రానికి మళ్లీ లీజర్. బీమ్ అసలే లేదు. బండి నాలుగూ పదికి. ఇంత లెక్క చెయ్యడానికి కంప్యూటర్ అక్కర్లేదు, నేనూ చేశాను, మొదటిసారిగా. మగ్గమన్న లేచి తువ్వాలు దులిపాడు. "పదమ్మా, సంచీ తెచ్చుకో" అన్నాడు, కోపంగా కూడా కాదు. ఆయన కోప్పడి ఉంటే నాకు ఇంకాస్త హాయిగా ఉండేది.

అప్పటిదాకా హాలు మూలన నిలబడ్డ విజిల్ సార్ కదిలాడు. నేరుగా పెద్దసారు ముందుకు వచ్చి ఎడమ అరచెయ్యి చాపాడు. అరచేతిలో బాల్‌పెన్‌తో గీసిన గళ్లు. అడ్డం నాలుగు, నిలువు నాలుగు. పొద్దుటినుంచీ ఎవరు ఏది చేశారో టిక్కులు పెట్టుకుంటూ వచ్చాడు, చెమటకు కొన్ని అలుక్కుపోతే మళ్లీ దిద్దుకున్నాడు.

"ఒక్కో టీముకు ఒక్కోటే మిగిలింది సార్. ధర్మవరానికి బీమ్, మనకు కడ్డీలు, పెనుకొండకు ఫ్లోర్, మడకశిరకు గుర్రం. నలుగురికీ నాలుగు. ఒక్క విజిల్‌తో అందరూ ఎక్కితే ఇరవై ఐదు నిమిషాల్లో అయిపోతాది."

"కాగితంలో అట్ల లేదు కదప్పా" అన్నాడు పెద్దసారు బిక్కమొహంతో. "ఈ గంటలో గుర్రానికి లీజర్ ఉండాది."

"గుర్రానికి అలుపు లేదు సార్. పిల్లకి బండి ఉండాది."

పెద్దసారు మడకశిర మాస్టారు వైపు చూశాడు, ఆయన పెనుకొండ మాస్టారు వైపు చూశాడు. పోయిన ఏడాది టోపీ అందరి కళ్లలో కనిపిస్తోంది. మళ్లీ మనిషి మాట వింటే మళ్లీ గొడవ. చివరికి పెద్దసారు టేబుల్ మీదికి వంగి, చాలా మర్యాదగా నన్నడిగాడు. "నాయనా, కంప్యూటర్ ఒప్పుకుంటాదేమో ఒకమాట కనుక్కో."

అందరూ నన్నే చూస్తున్నారు. వాళ్లకు కనిపించేది కంప్యూటర్ వీపు. నా ముందున్న తెర కటిక నల్లగా ఉంది, దాని మీద కుంకుమ బొట్టు, బొట్టు కింద నా మొహం. కరెంటు పోయి అరగంట అయిందని, అది చచ్చి పడి ఉందని చెప్తే ఈ భక్తులు కరెంటు వచ్చేదాకా ఆగుదామంటారు. వాళ్ల సంగతి నాకు తెలుసు, వాళ్లని అట్లా తయారుచేసింది నాబోటివాళ్లే. కీబోర్డు దగ్గరికి లాక్కున్నాను. టెంకాయ నీళ్లకు సగం మీటలు అతుక్కుపోయి ఉన్నాయి. పది వేళ్లతో టకటకా కొట్టాను. ఆగి, తెరలోకి కళ్లు చికిలించి చూశాను. మళ్లీ కొట్టాను. వెనక్కి వాలి గట్టిగా చెప్పాను.

"ఒప్పుకుంది సార్."

"ఒప్పుకుందంట!" అని పెద్దసారు హాలంతా వినిపించేలా కేకేశాడు. మడకశిర మాస్టారు "అదీ, అట్ల సెప్పు" అన్నాడు. విజిల్ సార్ ఒక్కడు నా కళ్లలోకి చూశాడు. పైన ఆగిపోయిన ఫ్యాన్‌ వైపు చూశాడు. మళ్లీ నన్ను చూసి, విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. నా జీవితంలో నేను చెప్పిన అబద్ధాల్లో ఎవరికైనా పనికొచ్చింది అదొక్కటే, దానికీ సాక్షిగా ఫ్యాన్ ఉంది.

విజిల్ మోగగానే నాలుగు మూలలా నాలుగు టీములు ఒక్కసారి లేచాయి. అంతసేపు సగం చచ్చినట్టున్న హాలు సంతలా మారింది. ఒకవైపు గుర్రం మీద దబదబా చేతులు, ఒకవైపు కడ్డీల కిర్రుకిర్రు, పరుపుల మీద పిల్లిమొగ్గలు. బీమ్ మీద ఆఖరున జడల పాప ఎక్కింది. మగ్గమన్న గడియారం వైపు తిరిగి నిలబడ్డాడు, బిడ్డను చూడలేదు. పాప నడిచింది. కొస దాకా పోయి గిరుక్కున తిరిగింది. మధ్యలో ఎగిరి దిగినప్పుడు ఒక కాలు జారబోయింది, చేతులు రెండూ గాలిలో ఈదాయి, హాలంతా "అయ్యో" అంది. ఆ అరుపుకు మగ్గమన్న చివుక్కున తిరిగాడు. పాప నిలబడింది. కొస నుంచి పల్టీ కొట్టి రెండు కాళ్ల మీద దిగి, చేతులు పైకెత్తింది. నాయన నోరు తెరిచి అట్లాగే ఉండిపోయాడు. గోడకు కాళ్లానించి తలకిందులుగా నిలబడే పిల్ల ఇంత పని నేర్చిందని ఆయనకు అప్పటిదాకా తెలియదనుకుంటాను. మూడూ నలభైకి అంతా అయిపోయింది. తండ్రీకూతుళ్లు సంచీ పట్టుకుని స్టేషన్ వైపు పరుగే పరుగు.

జడ్జీ టీచరమ్మలు మార్కులు కూడేసరికి నాలుగైంది. పాపకు రెండో స్థానం. విజిల్ సార్ ఒక ముక్క కాగితం మీద రాసి నా చేతిలో పెట్టి, తన సైకిల్ తాళంచెవి ఇచ్చాడు. "పో నాయనా. ఇది మిషన్‌తో చెప్పే మాట కాదు." ఆ ఎండలో ఇన్‌షర్ట్ ఊడిన చొక్కాతో, కుంకుమ మరకలతో తొక్కాను. ప్యాసింజర్ మన ప్యాసింజరే కదా, నాలుగూ పది దాటినా ప్లాట్‌ఫాం మీదే కునుకు తీస్తోంది. (దాని లీజర్ ఎవరు రాసిచ్చారో మరి.) కిటికీలో పాప కనిపించింది, బన్ను తింటోంది.

"రెండో స్థానం! రాష్ట్ర పోటీలకు పోతావు" అని రొప్పుతూ చెప్పాను.

పాప బన్ను నోట్లో పెట్టుకునే ఆగిపోయింది. మగ్గమన్న కిటికీ ఊచల్లోంచి నన్ను కింద నుంచి పైదాకా చూశాడు.

"కంప్యూటర్ చెప్పిందా, సార్ చెప్పినాడా?"

"సారే చెప్పినాడన్నా."

"అయితే నిజమే" అన్నాడు, తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. బండి కదిలింది. ఆ ప్లాట్‌ఫాం మీద నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. రొప్పు మాత్రం చాలాసేపు తగ్గలేదు.

తరవాత కంప్యూటర్ సెంటర్ మూతపడింది, నేను టీచర్ పరీక్ష రాసి బడిపంతుల్నయ్యాను. ఇప్పుడు పెనుకొండ దగ్గర స్కూల్లో లెక్కలు చెబుతాను. నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి, కళ్లద్దాలు. మా టైంటేబుల్ ఇప్పుడు కంప్యూటరే వేస్తుంది. ఈ ఏడు నాకు వరుసగా ఐదు పీరియడ్లు పడ్డాయి, మధ్యలో ఊపిరి తీసుకునే సందు లేదు. దాన్ని వేసే కుర్రసారు దగ్గరికి పోయి మొరపెట్టుకున్నాను. అతను తిరిగే కుర్చీలో వెనక్కి వాలి, "సార్, మీకు అర్థం కాదులెండి. అది ఆప్టిమైజేషన్" అన్నాడు. ఒక్క క్షణం ఆ కుర్చీలో నేనే కనిపించాను, మీసం మొలవాలా వద్దా అని ఆలోచిస్తున్న వెధవని. చెవి మెలిపెట్టాలనిపించింది, అతనిదో నాదో తెలియలేదు.

మొన్న మండలం ఆటలకు పక్క స్కూలు డ్రిల్ టీచరమ్మ పిల్లల్ని తీసుకుని మా గ్రౌండ్‌కి వచ్చింది. మెడలో విజిల్. అప్పటి రెండు జడలకు ఇప్పుడు జడ ఒకటే, అందులో అక్కడక్కడా తెలుపు. రాష్ట్ర పోటీల్లో ఆమెకు బహుమతేమీ రాలేదు గానీ వరుసగా రెండేళ్లు పోయి వచ్చింది. వాళ్ల అవ్వ రెండోసారి తనే స్టేషన్ దాకా వచ్చి సాగనంపిందట. నా ఐదు పీరియడ్ల గోడు ఆమెకూ చెప్పుకున్నాను. ఆమె పక్కకు తిరిగి నవ్వు ఆపుకోవాలని చూసింది, కుదరలేదు.

"ఏం చేస్తారు సార్, మీరు గుర్రం కాకపోతిరి."

అని, పిల్లల వైపు తిరిగింది. గ్రౌండ్‌లో నాలుగు మూలలా నాలుగు గుంపులు నిలబడి ఉన్నాయి. కాగితం లేదు, ప్రింటర్ లేదు. "విజిల్ కొడితే అందరూ కుడిపక్కకు జరగల్ల, అంతే" అంది. విజిల్ మోగింది. పిల్లలంతా జరిగారు. ఎవరూ చెప్పకుండానే నేనూ ఒక అడుగు కుడిపక్కకు జరిగి నిలబడ్డాను.